పదో సంతకం

అబ్రహాము గారు కాగితాన్ని రెండోసారి చదివారు. ఇంగ్లీషులో ఉంది. కళ్లజోడు తీసి, "తెలుగులో చెప్పు బాబూ" అన్నారు.

పవన్‌కుమార్ విజయవాడ నుంచి కొండపల్లి దాకా బస్సులో వల్లెవేసుకున్న మాటలు గుమ్మంలోకి రాగానే మరిచిపోయాడు. ఎదురుగా గోడ మీద ఆయన కూతురు దీవెన ఫొటో. ఇంజనీరింగ్‌లో అతని క్లాస్‌మేట్. డెంగీ జ్వరంతో పోయి మూడేళ్లయింది.

నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. కంప్యూటర్ తెర మీద బొమ్మ కనపడాలంటే లోపల ఒక ప్రోగ్రాం ఉండాలి. దాన్ని గ్రాఫిక్స్ డ్రైవర్ అంటారు. కాలేజీ ల్యాబ్‌లో పాత కంప్యూటర్ల తెరలు సగం నల్లగా ఉండిపోతుంటే, దీవెన నూట నలభై లైన్లు రాసి బాగుచేసింది. ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా దొరికే ఒక డ్రైవర్‌లో ఆ లైన్లు చేరాయి. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. మార్చి ఇంకొకరికి ఇస్తే మాత్రం, మార్చింది దాచుకోకుండా బయటపెట్టాలి. లైసెన్సులో షరతు అది.

పవన్‌కుమార్ పనిచేసే కంపెనీ బస్టాండుల్లో పెట్టే డిజిటల్ బోర్డులు తయారుచేస్తుంది. ఆ డ్రైవర్‌ని వాటిలో పెట్టి అమ్ముకోవాలని, షరతు మాత్రం వద్దని వాళ్ల ఆలోచన. షరతు తీసేయాలంటే డ్రైవర్ రాసిన పదిమందీ ఒప్పుకోవాలి. తొమ్మిదిమంది ఒప్పుకున్నారు. పదో సంతకం రావాలి.

"దీవెన లేదు కాబట్టి, మీరే చెప్పాలి అంకుల్."

అబ్రహాము గారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. కూతురు చేసిన పని గురించి ఇంత వివరంగా ఆయనకెవరూ చెప్పలేదు. అప్పట్లో ఇంట్లో నెట్ లేదని, రాసిందల్లా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్లి, నెట్‌లో పెట్టమని ఎవరికో ఇచ్చేదని గుర్తుచేసుకున్నారు. పవన్‌కుమార్ తలొంచుకుని విన్నాడు.

"అందులో దాని పేరుంటుందా?"

"రాసినవాళ్ల పేర్లు ఉంటాయండీ."

ఒక్కసారి చూపించమని ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. పవన్‌కుమార్ ఫోన్ తీశాడు. కాసేపు అటూ ఇటూ నొక్కి, సిగ్నల్ అందట్లేదని చెప్పి జేబులో పెట్టేసుకున్నాడు.

 ఆయన చివరికి సంతకం పెట్టకుండానే కాగితం తిరిగిచ్చారు.

"అది అందరికీ ఇచ్చింది. ఇప్పుడు ఒక్కరికే రాసివ్వడానికి నాకు చేతులు రావు. ఏమీ అనుకోకు."

పవన్‌కుమార్ బతిమాలలేదు. గేటు దాకా సాగనంపుతూ ఆయన భుజం మీద చెయ్యి వేశారు. మూడేళ్లకి దాన్ని తలుచుకుని వచ్చినవాడివి నువ్వొక్కడివేనన్నారు. అతను ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

సందు మలుపు తిరగ్గానే ఫోన్ మోగింది. మేనేజర్ సింధూరి.

పదో సంతకం రాదని చెప్పాడు. ఆ నూట నలభై లైన్లూ తీసేసి మనమే కొత్తగా రాసుకోవాలన్నాడు. రాసినవాళ్లింట్లో అడిగి వస్తున్నానని, వాళ్లు ఒప్పుకోలేదని చెప్పాడు.

 సింధూరి నెమ్మదిగా అడిగింది.

"ఎవరింట్లో అడిగారు పవన్, ఆ లైన్లు ఉన్నది మీ పేరు మీదే కదా?"