కంపెనీ నూనె డబ్బా

"ఉమ్మడిలో కొనిందే గదరా, సగం నాది," అంటూ పెద్దకొడుకు మస్తానయ్య నూనె డబ్బాను చెంబులోకి వంచాడు.

"నీ ఇంజనుకి ఏ నూనైనా సరిపోతాది. నా మోటారుసైకిలుకి ఇదే పోయాల. వేరేది కలిపితే గ్యారంటీ పోతాదని కంపెనీవోళ్లు చెప్పలా?" అని అరిచాడు చిన్నకొడుకు జయరామయ్య.

"పోతే పోనీ. నాకేంది?"

పొద్దుటి పంపకాల్లో మోటారుసైకిలు చిన్నవాడికి, చేలో నీళ్లు తోడే ఇంజను పెద్దవాడికి వచ్చాయి. తల్లి చెంచమ్మ ఆర్నెల్లకొకరి దగ్గర ఉండాలని కోవూరు పెద్దమనుషులు తేల్చారు. కొడుకులిద్దరూ తనకు మిగిలారని ఆమె అప్పుడే ఊపిరి పీల్చుకుంది.

తమ్ముడు అన్న చొక్కా పట్టుకున్నాడు. చెంచమ్మ గబగబా వచ్చి, చెంబులో నూనెను మళ్లీ డబ్బాలో పోసి చిన్నవాడి చేతికిచ్చింది.

"ఇది బండికి తప్పనిది నాయనా. నీ ఇంజను దేంతోనైనా ఆడతాది గదా," అంది పెద్దవాడితో.

మస్తానయ్య ఆమె చేతిలో ఖాళీ చెంబు అందుకుని కింద పెట్టాడు.

"సరేమ్మా. నీ గుడ్డలు గూడా వాడింట్లోనే పెట్టుకో. నా గడప తొక్కబాక."

చెంచమ్మ దిక్కుతోచక చిన్నవాడి వైపు చూసింది. వాడు డబ్బాలో నూనె ఎంత తగ్గిందోనని తొంగిచూస్తున్నాడు.