పై అంతస్తు కిటికీకి నాలుగు ఊచలు

కూతురు టిల్లీ కిటికీలోంచి కింద పడిపోతుందన్నదే బ్రియొనీకి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది. దగ్గూ చెమ్మా మెట్లూ అన్నీ దాని తర్వాతే. టౌన్‌హాల్లో ముందు వరస కుర్చీలో కూర్చున్నా ఆమె కళ్ల ముందు ఆ కిటికీయే ఉంది. రాసుకొచ్చిన కాగితం చేతి చెమటకు మెత్తబడింది. మాట్లాడటానికి మూడు నిమిషాలిస్తారట. పదహారేళ్లకే బడి మానేసిన మనిషికి మూడు నిమిషాలంటే చాలా ఎక్కువ.

రాగ్లన్ టెరస్ అంటే పదకొండు ఇళ్ల వరస. విక్టోరియా రాణి కాలంలో ఒకే గోడగా, ఒకే కప్పుతో కట్టారు. వీధి వైపు ఏది మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి ఉండాలి. బ్రియొనీ అద్దెకుంటున్నది చివరి ఇంట్లో, అన్నిటికంటే పై గది. కిటికీ గట్టు ఆమె మోకాలి ఎత్తే. తలుపు పైకి జరుగుతుంది. గోడలో దాచిన ఇనప బరువులు ఇప్పటికీ ఎంత చక్కగా పనిచేస్తాయంటే, పసిపిల్ల ఒంటిచేత్తో నెట్టినా తలుపు పైకి పోతుంది. గొళ్లెం ఎప్పుడో ఊడిపోయింది. బ్రియొనీ ఒక మేకు కొట్టింది. పాత కలపకు బెజ్జం పెట్టావు, తీసెయ్యమని కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. సొరుగుల బల్ల అడ్డం పెట్టింది. పందొమ్మిది నెలల టిల్లీ దాని మీదికి ఎక్కడం నేర్చుకుంది.

అప్పుడు ఊచలకు దరఖాస్తు పెట్టింది. అది ఏప్రిల్‌లో. ఇప్పుడు నవంబరు.

తీరా ఈరోజు పిల్లకు జ్వరం. వానలో తీసుకురావడం కుదరదు. ఇక వెళ్లడం మానేద్దామనుకుంటుంటే కింది వాటాలో ఉండే మిసెస్ ప్రాక్టర్ తనే మెట్లెక్కి వచ్చింది. ఆ ఇంట్లో బ్రియొనీని పలకరించే మనిషి ఆవిడొక్కతే. తన చెయ్యి పిల్ల నుదుటి మీద పెట్టి చూసి, కుర్చీ మంచం పక్కకు లాక్కుంది.

"నువ్వెళ్లు పిల్లా. నేను లేనూ? నీ వంతు ఎన్నింటికన్నావు?"

మూడింటికని చెప్పి, బ్రియొనీ కొండ దిగి ఇరవై నిమిషాలు నడిచి వచ్చింది.

కౌన్సిల్ కమిటీ అధ్యక్షురాలు కళ్లద్దాల మీదుగా చూసింది. అభ్యంతరం ఒక్కటే వచ్చిందట, అది రాసిన మనిషి ఇంకా రాలేదట. మామూలుగా వాళ్లే ముందు మాట్లాడాలి, పరవాలేదు, నువ్వే మొదలుపెట్టమ్మా అంది. ఎవరు రాశారో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుందని ఎవరో చెప్పారు గానీ, అందులో ఏ మూల వెతకాలో బ్రియొనీకి అంతుపట్టలేదు. వెతకాల్సిన పని కూడా లేదు, రావలసింది టెరస్ సంఘం మనిషే అయ్యుంటాడు. మూడో నంబరు ఇంటి ఐన్‌లీ వెనక వరసలోనే ఉన్నాడు. ఆ సంఘానికి పెద్ద. చెత్తడబ్బా వీధిలోకి కనిపించినా, తలుపు రంగు ఒక ఛాయ తేడా వచ్చినా ఉత్తరం రాసే మనిషి.

ఆమె కాగితం విప్పింది. అక్షరాలు అలుక్కుపోయాయి. మడిచేసింది.

"మా పాప ఆ కిటికీ తెరవగలదండీ. నేను చెప్పాల్సింది అంతే."

సభ్యుల్లో ఒకాయన, పిల్లను కనిపెట్టుకుని ఉండొచ్చు కదా అన్నాడు.

"కనిపెట్టుకునే ఉంటానండీ. స్నానాలగది కింది అంతస్తులో ఉంది."

"ఎంతసేపమ్మా, రెండు నిమిషాలు?"

"పడటానికి అంతసేపు కూడా అక్కర్లేదండీ."

ఆయన కాగితాలు తిరగేసుకోవడంలో పడ్డాడు. ఇక అయిపోయిందనుకుంది బ్రియొనీ. మేకు తీసెయ్యమని ఉత్తరం రాసిన అధికారి పెంబర్టన్ అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆయన ఏం చెబుతాడో ఆమెకు తెలుసు. పదకొండు ఇళ్లూ ఒక్కలా ఉండటమే దాని అందం అంటాడు.

అనలేదు. కిందటి వారం నిచ్చెన వేసుకుని కిటికీ కింది రాతిగట్టు చూశాడట. అందులో నాలుగు బెజ్జాలున్నాయి, సీసం పోసి పూడ్చినవి. కట్టినప్పుడు ఆ పై గదులన్నీ పిల్లల గదులే, ప్రతి కిటికీకీ ఊచలుండేవి, రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము కోసం కోసుకుపోయారు అన్నాడు.

"కాబట్టి ఈ అమ్మాయి కొత్తగా పెట్టమనడం లేదు. ఉన్నదాన్ని తిరిగి పెట్టమంటోంది. నాదే పొరపాటు, ముందే చూసుండాల్సింది."

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. వెనక నుంచి ఐన్‌లీ చెయ్యెత్తాడు. మొదట్నించీ ఉన్నవే అయితే తమ సంఘానికి ఏ పేచీ లేదన్నాడతను. ఆ అభ్యంతరం రాసింది కూడా తాము కాదన్నాడు.

"నేనే రాసుంటే నాలుగు పేజీలుండేది."

అందరూ నవ్వారు. ఎన్నాళ్ల తర్వాతో బ్రియొనీకి కూడా నవ్వు వచ్చింది. పేపర్లు సర్దుకుంటున్న గుమాస్తా, ఇప్పుడు ఓట్లు వేసేస్తే సరిపోతుందేమో అంది. అధ్యక్షురాలు గడియారం చూసింది. ఒక్క రెండు నిమిషాలు ఆగుదాం, వాళ్ల మాట వినకుండా తేల్చేస్తే రేపు అదో గొడవ అంది.

మరైతే ఎవరు రాశారు? ఆ టెరస్‌లో ఎవరికి అంత పట్టింపు? బ్రియొనీ ఒక్కో తలుపూ తలుచుకుంది. ఎవరూ తట్టలేదు.

వెనక తలుపు చప్పుడైంది. అభ్యంతరం చెప్పేవారు వచ్చారని గుమాస్తా ప్రకటించింది. ఇల్లు వదిలి రావడానికి ఇప్పటిదాకా కుదరలేదట, వెంటనే వెళ్లిపోవాలట, మొదటి అవకాశం ఇమ్మంటున్నారట. ఆ చివరి ఇంటి ముందుభాగం తన కళ్ల ముందు పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేరట.

బ్రియొనీ వెనక్కి తిరిగింది, కేకపెట్టింది.

"మిసెస్ ప్రాక్టర్ ఇక్కడుంది, మీలో ఎవరైనా వెళ్లి టిల్లీని చూడండి."