రాయి పక్క మడి

రొద్దం నుంచి తెచ్చిన బిళ్ళగన్నేరును ఎండ మడిలో నాటి, తోటమాలి వలి, శెట్టి పెరట్లో అంట్లు తోమే రాయి పక్క మట్టిని పిడికిట పట్టి చూశాడు.

“ఈడ తడి ఆరదు శెట్టన్నా. మెట్టతామర వేస్తా, ఏండ్లకేండ్లు ఉంటాది. వదిన ఎన్ని గిన్నెలు తోముతాదో ఏమో.”

“ఆమె పోయి ఏడాది దాటెనబ్బా. నాకిప్పుడు హోటల్ క్యారియరే.”

వలి చేయి మట్టిలోనే ఆగింది. “మరి ఈ తడి?”

“దినామూ నేనే బిందెడు పోస్తాండా. రాయి ఎండితే చూడలేను.” శెట్టి మొహం తిప్పుకున్నాడు. “నువ్వు ఎండకు తట్టుకునేదే వెయ్యి. ఎన్నాళ్ళని పోస్తా?”

వలి మెట్టతామర దుంపనే పూడ్చాడు.

“ఒక్కపూట నీళ్ళు తప్పినా ఇది చస్తాదన్నా,” అన్నాడు, అబద్ధమని తెలిసే.

శెట్టి బిందె తెచ్చి, ముందు రాయిని తడిపాడు.