సున్నం గీత

ప్రగతి నగర్‌లో కెజియా ఇంటి ముందు పచ్చిక పీకేసిన రోజే ఆ ముసలాయన గేటు దగ్గరికి వచ్చాడు.

బోరు ఎండిపోయింది. వారానికి రెండు ట్యాంకర్ల నీళ్లు గడ్డికే పోతున్నాయి. అందుకే గడ్డి తీయించి, గులకరాళ్లు పోయించి, కలబంద, కాగితప్పూల మొక్కలు పెట్టించాలనుకున్నారు. గేటు నుంచి గుమ్మం దాకా తాండూరు బండలతో నడకదారి.

"బండలు ఏడ పరుస్తరు బిడ్డా?" అడిగాడు ముసలాయన.

"ఎందుకండీ?"

ఆయన మట్టిలో ఆడుకుంటున్న నాలుగేళ్ల హన్నాను చూశాడు.

"పాప రోజూ ఈడనే ఆడుతదా?"

కెజియా కూతుర్ని ఎత్తుకుంది.

"ఇంటాయన ఎప్పుడొస్తడు?"

"మీకెందుకు?"

"ఆయనతోని మాట్లాడేదున్నది. నీతోని కాదు."

కెజియా లోపలికి వెళ్లి గడియ పెట్టింది. కోకాపేట ఆఫీసులో ఉన్న భర్త కిరణ్ పాల్‌కు ఫోన్ చేసింది.

"పని అడగడానికి వచ్చుంటాడులే," అన్నాడు కిరణ్.

"పని కోసం వచ్చినవాడు పాప గురించి ఎందుకు అడుగుతాడు?"



మర్నాడు మధ్యాహ్నం తోటపని కూలీలు భోజనానికి వెళ్లారు. కెజియా ఆఫీసు కాల్‌లో ఉంది. బయట ఠక్ ఠక్ మని చప్పుడు.

కిటికీలోంచి చూసింది.

ముసలాయన ఆవరణలో ఉన్నాడు. ప్రహరీ నుంచి అడుగులు లెక్కపెడుతున్నాడు. ఆగి, ఇనుప చువ్వతో నేలను పొడిచాడు. వంగి నేలకు చెవి ఆనించాడు.

కెజియా కాల్ మధ్యలోనే ఆపేసింది. కాలనీ వాచ్‌మన్‌ను పిలిచేసరికి ఆయన వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున తలుపు తీస్తే నేల మీద సున్నంతో గీసిన పెద్ద వలయం కనిపించింది. దాని మధ్యలో పసుపు, కుంకుమ, కొట్టిన కొబ్బరికాయ. అప్పటికే పెరటి తలుపు నుంచి చుట్టూ తిరిగి వచ్చిన హన్నా, గీత పక్కనే కూర్చుని గులకరాళ్లు పేరుస్తోంది.

కుంకుమ అన్నదే లేని ఇల్లు అది. కెజియా పరుగెత్తి పిల్లను లాక్కొచ్చింది.

తోటపని మేస్త్రీ భాస్కర్ వచ్చి నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"నేనైతే ముట్టను మేడమ్. మా వాళ్లూ ముట్టరు. మీ దేవుడు వేరు గదా, మీకు ఏం కాదేమో."

కెజియా గేటు కెమెరాలోంచి ముసలాయన ముఖం తీసి కాలనీ గ్రూపులో పెట్టింది. 'ఈ మనిషి మా పాప గురించి ఆరా తీస్తున్నాడు. ఇంటి ముందు చేతబడి చేశాడు. జాగ్రత్త.'

గంటలో ఆ ఫోటో వేరే గ్రూపుల మీదుగా తిరిగి ఆమెకే వచ్చింది. దాని కింద 'పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా' అని ఉంది. ఆమె రాసింది అది కాదు. కాదని ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం నాలుగింటికి ఆయన మళ్లీ వచ్చాడు. వాచ్‌మన్ ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఆయన విడిపించుకోలేదు.

"ఇంటాయన వచ్చిండా?"

"ఏం చెప్పాలో నాకే చెప్పండి," అంది కెజియా కిటికీ వెనక నుంచి.

"నీకు చెప్ప బిడ్డా."

వాచ్‌మన్ ఆయన్ని రోడ్డు మీదికి తోశాడు. ఆయన వెనక్కి తిరిగాడు.

"గా గీత మీదికి బండి రానియ్యకుండ్రి."

"చూశారా మేడమ్, బెదిరిస్తున్నాడు," అన్నాడు భాస్కర్.

మర్నాడు కెజియా ప్రార్థన చేసుకుని, పైపు పట్టుకుని సున్నం గీతను తనే కడిగేసింది. పది గంటలకు గులకరాళ్ల లారీ రివర్స్‌లో లోపలికి వచ్చింది.

వెనక చక్రం కింద నేల కుంగింది.

డ్రైవర్ దూకేశాడు. లారీ ఒక పక్కకు ఒరిగి ఆగింది. చక్రం పక్కన పాత బండ ఒకటి రెండుగా విరిగి ఉంది. దాని కింద చీకటి. భాస్కర్ అందులోకి రాయి వేశాడు. అది బావి అడుగున బురదలో పడ్డ చప్పుడు ఆలస్యంగా వినిపించింది.

సున్నం గీత ఎక్కడ ఉండేదో కెజియాకు గుర్తుంది. నేల కుంగింది దాని లోపలే.

"గీత గీసిన తాత చెప్పాడమ్మా," అంది హన్నా. "గీత లోపలికి పోవద్దు, ఇవతలే ఆడుకో అన్నాడు."

కెజియా గ్రూపులో ఫోటో తీసేసింది. మిగతా గ్రూపుల్లో అది అలాగే ఉంది.

మధ్యాహ్నం వాచ్‌మన్ వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. నిన్న పొద్దుగూకే వేళ పక్క కాలనీలో ముసలాయన్ని ఫోటోను బట్టి గుర్తుపట్టి కొట్టారట. పేరు రాజయ్య అట. సర్కారు దవాఖానలో ఉన్నాడట.

కెజియా, కిరణ్ వెళ్లేసరికి రాజయ్య తలకు కట్టుతో పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. మంచం పక్కన నేల మీద ఆయన భార్య కూర్చుని ఉంది.

కెజియా ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఇంటాయన వచ్చాడండీ. చెప్పండి."

ఆ కళ్లు కదల్లేదు.

"పొద్దుగాల నుంచి గిట్లనే ఉన్నడు. నన్ను గూడ గుర్తుపడ్తలేడు," అంది భార్య.

"ఆ బావి మీదేనా అమ్మా?" అడిగాడు కిరణ్.

"మాదే. పొలం అమ్మినంక ప్లాట్లు చేసినోళ్లు దాన్ని పూడ్చలే. మీదికెల్లి బండలు కప్పి మన్ను పోసిన్రు. గడ్డి తీస్తున్రని తెలిసి ఉరికిండు ఈయన."

"మరి పసుపు, కుంకుమ?"

"ఆ బావి కాడికి ఉత్త చేతులతోని పోడు."

కెజియా మంచం పట్టె పట్టుకుంది.

"నేను అక్కడే ఉన్నాను. రెండుసార్లు అడిగాను. నాకు ఒక్క మాట చెప్పుంటే..."

"తల్లులకు చెప్పడు బిడ్డా," అంది ఆమె, మొగుడి కాళ్ల మీద దుప్పటి సర్దుతూ. "ఆ బావి సంగతి ఒక్క తల్లికే చెప్పిండు. మా పిల్ల అండ్ల పడ్డదని నాకు."