ఇట్లు

నదుల పాఠం మొదలుపెడదామని పేజీలావిడ ‘న’ కొట్టింది. తెర మీద ‘నష్టపరిహారం’ వచ్చి కూర్చుంది. దాన్ని చెరిపి, విత్తనాల కోసం ‘వి’ కొడితే ‘వినియోగదారుడు’ వచ్చాడు. ‘ఫి’ అనడమే ఆలస్యం, ‘ఫిర్యాదు’ సిద్ధం.

ఆవిడ వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. ఇరవై ఏళ్లు అచ్చాఫీసులో పేజీలు పేర్చి ఆ పేరు తెచ్చుకున్న మనిషి. మాటలు అందించే ఈ సాఫ్ట్‌వేర్ ఆవిడకు కొట్టిన పిండి. మనం పదే పదే కొట్టే మాటల్నే అది గుర్తుపెట్టుకుని, రెండోసారి అడగకముందే అందిస్తుంది. అలాంటప్పుడు నిన్న సాయంత్రం సీలు విప్పిన కొత్త కంప్యూటర్‌కి ఇన్ని మాటలు ఎవరు నేర్పినట్టు?

“ఎవరో వాడి పడేసింది మనకి అంటగట్టారత్తయ్యా,” అంది.

“పాతదైతే ఏమైందే? నేనూ పాతదాన్నే. పని చేయడం లేదూ?” అన్నారు పక్కగదిలోంచి అత్తగారు.

“మీరు గంటకోసారి ఆగిపోరుగా.”

అది మాత్రం గంటకోసారి ఆగిపోతోంది, చేసిన పని మింగేసి మరీ. అచ్చాఫీసు మూతపడ్డాక, పాఠ్యపుస్తకాల సంస్థ ఒకటి ఇంటినుంచే పేజీలు చేసే పని ఇస్తానంది. సొంత కంప్యూటర్ ఉండాలి, మొదటి పాఠం నాలుగు రోజుల్లో చేరాలి, లేదా పని ఇంకొకరికి పోతుంది. ఆ ఇంట్లో సంపాదించే చేయి ఆవిడదొక్కటే.

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్‌ని చంకనెత్తుకుని దుకాణానికి వెళ్లింది. దుకాణదారు మర్యాదకేం లోటు చేయలేదు. కుర్చీ వేశాడు, చెప్పిందంతా విన్నాడు.

“సీలు విప్పింది మీరే కదమ్మా. లోపల ఏముందో మేం మాత్రం చూశామా?”

మాటల సంగతి మళ్లీ మొదట్నుంచి చెప్పింది. దానికతను, చిన్నపిల్లాడికి ముందే మాటలొస్తే తల్లి సంతోషించాలి గానీ తగాదాకి రావడమేమిటన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆవిడ కంప్యూటర్‌ని మళ్లీ చంకనెత్తుకుంది. బయటికి నడిచింది.

వినియోగదారుల సహాయ కేంద్రం అక్కడికి రెండు వీధుల అవతలే. వినియోగదారుల సహాయాధికారి మెత్తని మనిషి. ముందు మంచినీళ్లు ఇప్పించాడు. ఆవిడ చెబుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొట్టుకోసాగాడు. ‘ఫిర్యాదు’ అన్న మాటకే ఆయనకు చెమటలు పట్టాయి. పాతది మార్చి ఈమధ్యే కొత్త కంప్యూటర్ ఇచ్చారని, ఇంకా చేయి కుదరలేదని నొచ్చుకున్నాడు. ఆ నొచ్చుకోవడం చూసి, ఇప్పటికి ఒక మనిషి దొరికాడనుకుంది పేజీలావిడ.

“దీన్ని ముందు వాడినాయన కూడా నాలాగే మోసపోయి ఉంటాడు సార్. అన్నీ ఫిర్యాదు మాటలే ఉన్నాయి. మీ దగ్గరికే వచ్చి ఉంటాడు, కాస్త చూడండి. ఇద్దరం కలిస్తే ఆ దుకాణదారు నోరెత్తలేడు.”

ఆయన బీరువా తెరిచి ఫైళ్లన్నీ ఓపిగ్గా తిరగేశాడు. ఆ దుకాణం మీద ఇంతవరకు ఒక్క కాగితం కూడా రాలేదని తేల్చాడు.

“మరి నా కేసు?”

“ముందు ఎవరు వాడారో రుజువు కావాలమ్మా. పేరో, హోదానో, ఏదో ఒకటి. అది లేకపోతే కేసు ఎవరైనా కొట్టేస్తారు.”

“ఆ మనిషిని నేనెక్కడ వెతికేది సార్?”

“నేను మాత్రం ఏం చేయగలనమ్మా? మీకు న్యాయం జరగాలని నాకూ ఉంది,” అన్నాడాయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

తర్వాతి రెండు రోజులూ నదులు కొండ దిగలేదు. రెండు పేజీలు పేర్చేసరికి కంప్యూటర్ గుడ్లు తేలేయడం, మళ్లీ మొదటికి రావడం. కంప్యూటర్లు అద్దెకి ఇచ్చేవాళ్లని అడిగింది, పాత అచ్చాఫీసు వాళ్లని అడిగింది. అందరూ అయ్యో అన్నవాళ్లే. సంస్థ నుంచి ఫోనొస్తే సగం అయిపోయిందని అబద్ధమాడింది. రేపు సాయంత్రం దాకా చూస్తామని వాళ్లు పెట్టేశారు.

“ఒక కాగితమన్నా రాసి పడెయ్యవే,” అన్నారు అత్తగారు. “మన పని ఎలాగూ మునిగింది. రేపు వాడు ఇంకొకర్ని ముంచకుండా ఉంటాడు.”

పుట్టి బుద్ధెరిగాక పేజీలావిడ ఎవరి మీదా ఫిర్యాదు రాసి ఎరగదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. తీరా కూర్చున్నాక ఆవిడ ఒక అక్షరం కొడితే కంప్యూటర్ మాట అందించింది, మాట కొడితే వాక్యం అందించింది. పక్కన కూర్చుని ఎవరో చేయి పట్టి రాయిస్తున్నట్టే ఉంది. గంట తిరక్కుండానే నిండు పేజీ తయారైంది. ఎంత అనుభవించి ఉంటే ఇన్ని మాటలు వచ్చి ఉంటాయో పాపం అనుకుంది. ఊరూ పేరూ తెలియని ఆ మనిషి మీద తోడబుట్టినవాడి మీదున్నంత జాలి కలిగింది. కనిపిస్తే ఒక దణ్ణం పెట్టి, తనతో రమ్మని బతిమాలుకునేది.

ఇక సంతకం పెట్టడమే మిగిలింది. ఆవిడ ‘ఇట్లు’ అని కొట్టి, తన పేరు కోసం వేలు ఎత్తింది.

వేలు ఆనకముందే తెర మీద ‘వినియోగదారుల సహాయాధికారి’ అని పడింది.