అమ్మకానికి ఎర్ర జీపు

చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది. హరిణి ఎర్ర జీపు మాత్రం కదల్లేదు.

వెనక హారన్లు మోగాయి. ఒకాయన కారు అద్దం దించి, "ఆ డొక్కుని మ్యూజియంలో పెట్టండి మేడమ్" అన్నాడు.

"మీరు టికెట్టు కొంటానంటే అలాగే పెడతాను" అంది హరిణి, దిగి జీపుని పక్కకి నెడుతూ.

ఫోన్ మోగింది. కాస్ట్యూమ్ డిజైనర్ గీతిక. హరిణి ఆవిడ దగ్గరే అసిస్టెంటు.

"హీరోగారు బనియన్‌తో కూర్చున్నారు. చొక్కా ఎక్కడ?"

"నా జీపులో ఉంది మేడమ్."

"జీపెక్కడుంది?"

హరిణి జీపుని ఇంకో అడుగు ముందుకి నెట్టింది.

"వచ్చే సినిమా నీకే ఇప్పిస్తున్నాను. పేరు నీది, పని నీది. కానీ ఆ జీపుతో మాత్రం కాదు" అని గీతిక ఫోన్ పెట్టేసింది.

ఆ జీపుకి పైకప్పు లేదు. బుద్ధి పుడితే నడిచేది, లేకపోతే లేదు. అయినా ఫిలింనగర్ వాలులో గాలికి జుట్టంతా ఎగురుతుంటే, ఈ ఊరంతా తనదేనని హరిణికి అనిపించేది. ఆ సంతోషం ఏ కొత్త కారూ ఇవ్వదని ఆమెకు తెలుసు. కానీ సొంత సినిమా కోసం చెప్పులరిగేలా తిరిగింది కూడా ఆమే.

ఆ వారమే తెల్లకారు బుక్ చేసింది. జీపు అద్దానికి 'అమ్మబడును' అని కాగితం అంటించింది.

"అమ్ముతాను. కానీ పేల్చేవాళ్లకి మాత్రం చచ్చినా ఇవ్వను" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది.

ఆమె భయం ఉత్తది కాదు. సినిమాల్లో గాల్లోకి లేచి తగలబడే కార్లు ఎక్కడివో ఆమెకు తెలుసు. ఎవరో ముచ్చటపడి కొనుక్కుని, విసుగొచ్చి అమ్మేసుకున్న పాత బండ్లే అవి.

మొదట ఒక పెద్దాయన వచ్చాడు. ఒక కనుబొమ్మ సగం కాలిపోయి ఉంది. చొక్కా పెట్రోలు వాసన వేస్తోంది.

"నా పేరు వెంకటనర్సయ్య. బండి నడుస్తదా బిడ్డా?"

"దానికిష్టమైతే నడుస్తుంది."

"గంతే చాలు. జర నాకియ్యి."

"మీరేం చేస్తుంటారు?"

పెద్దాయన దాచలేదు. "సినిమాలల్ల బండ్లు పేలుస్త."

"అయితే ఇక వెళ్లిరండి."

"నేను చెప్పేది జర ఇను బిడ్డా. ఈ బండిని..."

"వినక్కర్లేదండీ. తుక్కు కింద తూచి అమ్ముకుంటాను కానీ, దాన్ని మంటల్లోకి పంపను."

"పైసలకు ఫికర్ లేదు. నువ్వడిగినంత ఇస్త."

"పేల్చే బండికి అడిగినంత ఇస్తున్నారంటే, మీ నిర్మాతది పెద్ద చెయ్యే."

ఆయన బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు. సంతలో గొడ్డుని చూసినట్టు చూస్తున్నాడని హరిణికి ఒళ్లు మండింది.

"సరే బిడ్డా. ఎవలకిచ్చినా జర సోచాయించి ఇయ్యి."

"మీకివ్వకూడదనే సోచాయించాను."

పెద్దాయన ఇంకేదో చెప్పబోయి, ఆగి, వెళ్లిపోయాడు.

తర్వాత సిద్ధార్థ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీపెక్కి కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఆదివారాలు వికారాబాద్ అడవికి తీసుకెళ్తానండీ. వానలో మాత్రం అస్సలు ఉంచను."

మనిషంటే ఇలా ఉండాలి అనుకుంది హరిణి. అడిగినదానికన్నా తక్కువకే తాళాలు ఇచ్చేసింది.

తెల్లకారు బుద్ధిమంతురాలు. మీట నొక్కితే కదిలేది, ఎక్కడా ఆగేది కాదు. హరిణి ఏ షూటింగుకైనా అందరికంటే ముందే చేరేది. ఆ కారులో కూర్చుంటే బ్యాంకులో కూర్చున్నట్టుండేది, అంతే.

ఆమె సొంత సినిమా మొదలైంది. ఫైట్ సీను రోజున, హీరో కోసం మసి పూసిన చొక్కాలు పట్టుకుని సెట్‌లోకి వచ్చింది. మధ్యలో ఎర్ర జీపు నిలబడి ఉంది. వెనక సీటు చిరుగు మీద తాను కుట్టిన కలంకారీ అతుకు ఉంది.

వెంటనే సిద్ధార్థకి ఫోన్ చేసింది.

"వెళ్లిన ప్రతిచోటా ఆగిపోయిందండీ, మా ఆవిడ ఎక్కనంది. ఎవరో షూటింగ్‌వాళ్లు అడిగితే ఇచ్చేశాను" అన్నాడతను.

"ఆపండి" అంటూ హరిణి పరిగెత్తింది. మైకులో "యాక్షన్" అన్న కేకలో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

జీపు మనిషెత్తు లేచి, మంటలతో కింద పడింది. షాట్ ఓకే అయిందని అందరూ చప్పట్లు కొట్టారు.

హరిణికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. తాను ఇవ్వనంటే, ఆ ముసలాయన దొడ్డిదారిన కొనిపించాడన్నమాట.

"ఆ వెంకటనర్సయ్య ఎక్కడండీ?" అని ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్వరరావుని నిలదీసింది. "మొహం మీదే కడిగెయ్యాలి."

"నేనే కడుగుదామంటే దొరకట్లేదమ్మా. నిన్న ఈ జీపు తాళం తిప్పి చూసి, పని వద్దని వెళ్లిపోయాడు. అప్పటికప్పుడు చెన్నై నుంచి ఇంకో మనిషిని తెప్పించుకున్నాం."

"పేల్చడం ఆయన పనే కదా?"

"పేలుస్తాడు, నడవని తుక్కుని మాత్రమే. నడిచే బండికి నిప్పు పెట్టడు, అదేం పిచ్చో మరి. అలాంటిది ఎక్కడైనా అమ్మకానికుందని తెలిస్తే మాకంటే ముందే పరిగెత్తి, సొంత డబ్బుతో కొని, మోతీనగర్‌లో షెడ్డేసి దాచుకుంటాడు."

మేనేజర్ విసుగ్గా చేతులు దులుపుకున్నాడు.

"దీనికోసం కూడా వెళ్లాడట, ఎవరో మహాతల్లి మాట పూర్తిగా వినకుండానే పంపించేసిందట."