ఎడమకు లాగే కారు

"మళ్లీ ఎడమకు లాగేస్తోందయ్యా," అంటూ రిటైరైన లెక్కల మాస్టారు తన నలభై ఏళ్ల నాటి కారును షెడ్డులోకి తెచ్చారు. నాలుగు నెలల్లో ఇది నాలుగోసారి.

మెకానిక్ కారు కిందికి దూరాడు. ఈసారి ఎందుకో చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. చక్రాల అలైన్‌మెంట్ సరిచేసి, చేతులు తుడుచుకున్నాడు.

"పదండి మాస్టారూ, ఒక రౌండు వేసొద్దాం."

ఎప్పటిలాగే పక్క సీట్లో కూర్చున్నాడు. మాస్టారు దారి పొడుగునా కబుర్లే. ఉత్తరాలిచ్చే మనిషి మారాడట, పక్కవాటా ఖాళీ అయిందట, రేడియోలో వార్తలు మరీ గబగబా చదివేస్తున్నారట. కారు మాత్రం గీత గీసినట్టు తిన్నగా పోతోంది.

"మాస్టారూ, చక్రాల వంపు సరిచేసే నట్టు మీద పానా గాట్లు కనిపించాయి. కొత్తవి. నేను పెట్టినవి కావు."

మాస్టారు కారు వేగం తగ్గించారు.

"ఇంకెప్పుడూ దాన్ని వదులు చెయ్యకండి. స్టీరింగ్ మాట వినకపోతే ప్రాణం మీదికొస్తుంది."

మాస్టారు కారును రోడ్డు వారగా ఆపారు.

"కారు బాగానే ఉన్నప్పుడు పిలిచినా వస్తావా?" అన్నారు, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి.

"ఎందుకు రానూ! పోనివ్వండి, ఆ వంతెన దాకా వెళ్లొద్దాం," అన్నాడు మెకానిక్.